ఊదు పొగ మీద మోపిన నేరం

కంప్యూటర్ స్విచ్ నొక్కిన ప్రతిసారీ నాకు భయం. లోపల ఫ్యాను తిరిగేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నా ఆ భయం పోలేదు. మా ఇంట్లో వాళ్లు చూసి నవ్వుతారు. వాళ్లకేం తెలుసు? అది తప్పు చేసి దాచుకున్న మనిషి భయం. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పాతబస్తీలో గౌలిపుర. బర్రెలు, పాల వ్యాపారం. నేను ఇంటర్ అయ్యాక కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకొని వస్తే, వెనక మగమనిషి ఎవరైనా వస్తున్నాడేమోనని దుకాణాల వాళ్లు గల్లీలోకి తొంగిచూసేవాళ్లు. అలాంటి రోజుల్లో యూసుఫ్ భాయ్ నన్ను నమ్మి పిలిచాడు. ఆయనది పెళ్లి కార్డుల దుకాణం. తెలుగు లగ్గం పత్రికలూ, ఉర్దూ రుఖ్కాలూ అన్నీ ఒక్క కంప్యూటర్‌లోనే తయారయ్యేవి. మూఢం పోయి లగ్గాలు మొదలయ్యే సమయానికి దాని మదర్‌బోర్డు పోయింది.

విప్పి చూస్తే పాత బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలి ఉన్నాయి. అప్పట్లో చాలా బోర్డులు అలాగే పోయేవి. కొత్తది తెచ్చి బిగించాను. స్విచ్ నొక్కాను. ఫ్యాను సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. ఈసారి అదీ లేదు.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాను. స్విచ్ నుంచి వచ్చే సన్న వైర్లు తారుమారయ్యాయేమోనని, బోర్డుతో వచ్చిన పుస్తకం చూసి మళ్లీ గుచ్చాను. పవర్ సప్లై మార్చాను. బీప్ అని ఒక్క చప్పుడైనా రాదే! యూసుఫ్ భాయ్ లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. పక్క దుకాణాయన తలుపు దగ్గర్నుంచే, "గందుకే అన్న గద భాయ్, ఆడివిల్ల చేతిల పెట్టకుమని" అన్నాడు. నా చెవులు మండిపోయాయి.

చివరికి బోర్డునే విప్పి పైకెత్తాను. అప్పుడు కనబడింది. బోర్డు వెనకభాగం డబ్బా రేకుకు తగలకుండా కింద చిన్న చిన్న ఇత్తడి కాళ్లు బిగిస్తారు. పాత బోర్డు తాలూకు కాలు ఒకటి తీయకుండా వదిలేశాను. కొత్త బోర్డుకు ఆ చోట రంధ్రం లేదు. ఇత్తడి నేరుగా వెనక టంకాలకు తగిలి షార్ట్ అయింది. అక్కడ గోరంత నల్ల మచ్చ. కొత్త బోర్డును నా చేతులతో నేనే కాల్చేశాను.

ఆ ఇత్తడి ముక్క ఊడదీసి పిడికిట్లో దాచేశాను. చెప్పొచ్చు కదా? పొరపాటైంది భాయ్ అంటే ఆయన కొట్టేవాడా? కొట్టడు. కానీ ఆ వాడలో నన్నిక ఎవ్వరూ పిలవరు, మళ్లీ బర్రెల కొట్టమే గతి అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఊదు బాబా వచ్చాడు. ప్రతి శుక్రవారం నిప్పుల మీద సాంబ్రాణి వేసుకొని దుకాణం దుకాణం తిరిగి, విసనకర్రతో పొగ విసిరి, దువా చదివి వెళ్లే ముసలాయన. దుకాణాల వాళ్లు ఇచ్చేదే ఆయన బతుకు.

"ఏమైంది బిడ్డా? దేనితోని ఖరాబైంది?" అన్నాడు యూసుఫ్ భాయ్.

నా కళ్లు ఆ పొగ మీద పడ్డాయి. "పొగ భాయ్. వారం వారం ఊదు పొగ పోయి డబ్బా నిండా మసి పట్టింది. గందుకే కొత్త బోర్డు గూడ కాలింది."

విసనకర్ర ఆగిపోయింది. "నా ఊదుతోనా బేటీ? సచ్ బోల్, నిజం చెప్పు."

"అవ్ బాబా."

బాబా తన భుజం మీది గుడ్డ పొగకు అడ్డంపెట్టి వెనక్కి మెట్టు దిగాడు. "బురా నక్కో మానో బాబా, ఏమనుకోకు, ఇగ లోపలికి తేకు" అన్నాడు యూసుఫ్ భాయ్ మెల్లగా.

ఇంకో బోర్డు తెచ్చి పెడితే కంప్యూటర్ నడిచింది. నడవదా మరి, ఇత్తడి ముక్క నా దగ్గరుంటే! ఆ రోజుతోనే నాకు పేరొచ్చింది. పొగ సంగతి కనిపెట్టిన పిల్ల అని పిలిచి మరీ పనులిచ్చారు. పోయిన ప్రతి దుకాణంలోనూ "ఊదు బంద్ చేసినం మేడం" అని గొప్పగా చెప్పేవాళ్లు. నేను తల ఊపేదాన్ని. కొన్నాళ్లకు బాబా ఆ గల్లీకే రావడం మానేశాడు. పొగతో కొంచెం మసి పట్టడం నిజమే కదా, నేను పూర్తిగా అబద్ధమాడానా అని నాతో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో. పాత బోర్డు దేనితో పోయిందో, కొత్తది దేనితో కాలిందో, నా అంత బాగా తెలిసిన వాళ్లు ఇంకెవరున్నారు?

కొన్నేళ్ల తర్వాత ఉస్మాన్‌గంజ్‌లో ఎవరిదో కంప్యూటర్ డబ్బా ఎత్తుకొని ఆటో దిగాను. ఎదురుగా బాబా. బాగా చిక్కిపోయాడు. తోపుడుబండ్ల దగ్గర పొగ విసురుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నడిబజార్లో నిలదీస్తాడు, అయిపోయింది అనుకున్నాను.

ఆయన గబగబా పక్కకు జరిగాడు. పొగ నా వైపు రాకుండా ఒట్టి అరచెయ్యి అడ్డం పెట్టాడు, ఆ వేడి మీదే.

"దూరంకెళ్లి పో బిడ్డా, నీ మిషిన్‌కు తగులుతది."

దెప్పడం కాదది. నమ్మాడు. నేనన్న మాట అన్నేళ్లూ నిజమేనని నమ్మి తిరిగాడు. నేను తలవంచుకొని దూరం నుంచే వెళ్లిపోయాను.

ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే మాత్రం ఏ మొహంతో పోయి క్షమించమని అడగను? ఆ రోజు ఆయన అడిగిన దానికి జవాబు మాత్రం ఇక్కడ చెబుతున్నాను. నీ ఊదుతోని కాదు బాబా. నాతోని.

అనేశాను. ఊపిరి వదిలాను.