గడియారం కింది చోటు

సైన్యాలు సరిహద్దుల దగ్గర ఎలా నిలబడ్డాయో చరిత్రకారులు సంపుటాల కొద్దీ రాశారు. తైస్తో కెంపైనెన్ కాఫీ గది గుమ్మంలో ఎలా నిలబడేవాడో మాత్రం ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. ఆ గదిలో పాతికేళ్ళుగా కాఫీ తాగుతున్నవాణ్ణి గనక, ఈ అన్యాయాన్ని సరిదిద్దే భారం నామీద పడింది.

నిలబడే పద్ధతి ఇది. ఎడమ భుజం తలుపు చట్రానికి ఆనాలి. కుడిచేతిలో నీలం కప్పు. చూపు ఎదుటి గోడమీది గడియారం వైపు. అడుగు లోపలికి పడకూడదు. కప్పు సగమయ్యాక వెనుదిరగాలి. ఫిన్లాండులో ప్రభుత్వాలు మారాయి, నాణేలు మారాయి, మా కైనూ ప్రాంతపు అడవుల్లో చలికాలం కూడా మునుపటిలా లేదు. ఇది మాత్రం చెక్కుచెదరలేదు.

మాది చెక్క కిటికీలు చేసే ఫ్యాక్టరీ. తైస్తో మొదట రంపం దగ్గర పనివాడు. ఆ రోజుల్లో గుమ్మంతో అతనికి పనిలేదు. గడియారం కింద, పొడుగాటి బెంచీ చివర, ఓస్మో పక్కన కూర్చునేవాడు. గడ్డకట్టిన చెరువుకు కన్నం పెట్టి ఆదివారం చేపలు పట్టడం, సోమవారం కాఫీ దగ్గర వాటిని పెంచడం ఓస్మో వృత్తి. చేప మరీ పెరిగిపోతుంటే తైస్తో మోచేత్తో పొడిచేవాడు.

"ఒరేయ్, కొంచెం తగ్గించు. కన్నంలోంచి ఎలా వచ్చింది మరి?"

ఓస్మో రెండు చేతులూ ఒక జానెడు దగ్గరికి జరిపేవాడు. ఆ జానెడు కోసమే మేమంతా ఎదురుచూసేవాళ్ళం.

తరవాత తైస్తోను ఫోర్‌మన్‌ని చేశారు. మొదటి రోజు కప్పు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూడగానే గదిలో మాట ఆగిపోయింది. ఓస్మో చేప అప్పుడే కన్నంలో ఇరుక్కుంది, అక్కడే ఉండిపోయింది. వెళ్ళి కూర్చుంటే పెత్తనం చెయ్యడానికి వచ్చాడంటారు, కూర్చోకపోతే పొగరంటారు. రెంటిలో ఏది నయమో తేలేదాకా నిలబడదామనుకున్నాడు. తేలడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఆ పదకొండేళ్ళలో బెంచీ చివరి చోటులో ఎవరూ కూర్చోలేదు. తైస్తో రాగానే మేం కప్పులు దించి లేచేవాళ్ళం. ఓస్మో కథల్లో నడిమి ముక్కలే అతని చెవిన పడేవి. సాయంత్రం ఇంట్లో ఒంటరిగా సావునాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, కూర్చుని, రాళ్ళమీద నీళ్ళు చల్లుకుంటూ, ఆ కథలకు తనే ముగింపులు కట్టుకునేవాడట. ఒక్కటీ కుదిరేది కాదట. అబద్ధాన్ని ఓస్మో నమ్మినట్టు తను నమ్మలేకపోయేవాడు.

పోయిన శీతాకాలం యాజమాన్యం అతన్ని ఔలు పట్నానికి, నాయకత్వ శిక్షణకు పంపింది. మన భావాలనూ ఎదుటివాళ్ళ భావాలనూ తెలుసుకుని మనుషుల్ని నడిపించడం అక్కడి పాఠం. నేర్పేది పియా అనే చిన్న వయసు ఆవిడ.

"ఇప్పుడు నీ మనసుకెలా ఉంది, తైస్తో?"

"ఫర్వాలేదు."

"అది భావం కాదు."

"మా కైనూలో ఉన్నది అదొక్కటే."

పియా నవ్వలేదు. "నీ మనుషులున్న గదిలోకి వెళ్ళేటప్పుడు నీలో ఏం కదులుతుందో చూసుకో. ఆ క్షణంలో నువ్వు వాళ్ళకెలా కనిపిస్తున్నావో వాళ్ళనే అడుగు. ముందు వాళ్ళ బాగోగులు కనుక్కో" అంది.

తైస్తో చిత్తశుద్ధి గలవాడు. సోమవారం పొద్దున్నే అద్దాలు బిగించే ఆయ్లి దగ్గరికి వెళ్ళాడు.

"ఆయ్లీ, ఎలా ఉన్నావు?"

ఆయ్లి చేతిలో అద్దాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఊరికే అడిగాను."

"ఊరికేనా!"

మా దగ్గర ఫోర్‌మన్ ఊరికే అడగడు. భోజనాల వేళకల్లా ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న కబురు గోదాముదాకా పాకింది. కార్మిక సంఘం ప్రతినిధికి ఎవరో ఫోను చేశారు. ఓస్మో పడవకు కొత్త మోటారు కొనడం వాయిదా వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆయ్లి, వెనక సాక్షిగా నేను, తైస్తో గదికి వెళ్ళాం.

"దాచకుండా చెప్పు. ఎప్పుడు మూస్తున్నారు?"

"మూయట్లేదు. భావాలు తెలుసుకోమని అక్కడ నేర్పారు."

"అమ్మయ్య! అంత డబ్బు పోసి నేర్పారా? నన్నడిగితే ఉత్తినే చెప్పేదాన్ని."

"అయితే చెప్పు. నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు మీకెలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందా? వస్తావు, గడియారం చూస్తావు. లెండి, వేళయింది అన్నట్టు. నోట్లో రొట్టె ముక్క మింగుడుపడదు."

తైస్తో కప్పు పిడి నిమిరాడు.

"నేను గడియారం చూడట్లేదు, ఆయ్లీ. దాని కింద చూస్తున్నాను. నా చోటు."

"చూడటం దేనికి? కూర్చోవచ్చుగా!"

"ఎవరూ రమ్మనలేదు. పైగా దాన్నలా ఖాళీగా ఉంచారు. నామీద కోపంతోనే అనుకున్నాను. ఒక్కోరోజు నాకోసమేనేమో అని కూడా అనుకునేవాణ్ణి." గొంతు తగ్గించి అన్నాడు. "నాకు బెంగగా ఉంటుంది."

కైనూలో ఆ మాట పైకి అనగా నేను వినడం అదే మొదలు. ఆయ్లి ఏదో చెప్పబోయి మానేసింది. "రేపు కాఫీకి రా. లోపలికి రా" అంది.

మర్నాడు తైస్తో గుమ్మం దాటాడు. ఎవరూ లేవలేదు. బెంచీ చివరికి వెళ్ళి ఓస్మో పక్కన కూర్చున్నాడు. గోడవైపు చూస్తూ అడిగాడు.

"కన్నంలో ఇరుక్కుంది. తరవాత?"

"ఏది?"

"నన్ను ఫోర్‌మన్‌ని చేసిన రోజు చేప."

ఓస్మో కప్పు కింద పెట్టాడు. "ఓహో, అదా! లాగాను చూడు, మంచుగడ్డ మొత్తం పగిలింది. ఇంత ఉంది." చేతులు రెండూ బార చాచాడు. ఒక చెయ్యి తైస్తో ముక్కుదాకా వచ్చింది.

తైస్తో మోచేత్తో పొడిచాడు. "కొంచెం తగ్గించు."

జానెడు తగ్గింది. గదిలో అందరం ఊపిరి వదిలాం. తైస్తో కళ్ళు తుడుచుకోలేదు, కాఫీ వేడి అన్నట్టు రెప్పలాడించాడు, అంతే. కాసేపటికి కోటు కాలరు మెడమీదికి లాక్కున్నాడు.

"ఇక్కడ ఇంత చలేమిటి?"

ఆయ్లి నావైపు చూసి, తైస్తోవైపు తిరిగింది.

"నువ్వు ఫోర్‌మన్‌వైన ఏడాది ఆ బెంచీ పక్క కిటికీ మార్చారుగా. అప్పట్నుంచీ సరిగా మూసుకోదు. అందుకే అక్కడెవరం కూర్చోం."

ఆ కిటికీ మేం చేసిందే.