గుడారానికి రోజు చూడడం

సముద్రానికి హద్దు గీసి, ఆకాశంలో వెలుగులను నిలిపి, మా చిన్న ఇంటిని కూడా మరువని దేవునికి స్తోత్రం.

మా అబ్బాయికి ఆరేళ్లు, పాపకు నాలుగు. పితరులు గుడారాల్లో కాపురమున్నారని సండేస్కూల్లో విన్నప్పటినుంచి వాడికి ఒకటే ధ్యాస. అన్నం ముందు ప్రార్థనలో కూడా, "మాకూ ఒక గుడారం ఇయ్యి ప్రభువా" అని కలిపేసేవాడు. చివరికి ఈ వేసవి సెలవుల్లో తీసుకెళ్తానని మావారు మాట ఇచ్చారు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఇసుకమేట మీద, ఒక్క రాత్రి.

రోజు కుదరడమే కష్టమైంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యువజన కూటం, ఆదివారం ఆరాధన. గోడ మీది చర్చి క్యాలెండర్ చూసి వచ్చే గురువారం ఖాయం చేశాను. అందులో రోజుకో వాక్యం ఉంటుంది, తిథులుండవు. తిథులు చూడడం మా అత్తగారు బాప్తిస్మం తీసుకున్ననాడే మానేశారు.

కొత్త గుడారం వాకిట్లో వేసి చూశాం. పిల్లలు లోపల దూరి ఒకటే కేకలు. అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతున్న అత్తగారి చెయ్యి ఆగింది.

"గురువారమన్నావా అమ్మాయ్? ఏవనుకోకు. ఆవేళ నిండు పున్నమి."

మావారు నవ్వేశారు. "అమ్మా, నీకింకా పున్నాలూ అమాసలూ వదల్లేదా? పాస్టరుగారితో చెప్పమంటావా?"

"చెప్పుకోరా. దానికి దణ్ణం పెట్టమన్నానా నేను? లంకలో గడ్డి కోతకెళ్లినదాన్ని. పున్నమి పోటుకి ఆ మేట నీళ్లకిందకెళ్లిపోద్ది. పసోళ్లనేసుకుని అక్కడ పడుకుంటారా?"

"నిజమాండీ?" అన్నాను.

"ఆయ్. పోటు లేనప్పుడెళ్లి చూస్తే పొడిగానే ఉంటాది."

మావారి నవ్వు ఆగిపోయింది. మేము వెళ్లి చూసొచ్చింది అలాంటప్పుడే మరి.

అబ్బాయి గుడారంలోంచి తల బయట పెట్టాడు. "అయితే వెళ్లమా నానమ్మా?"

"ఎందుకెళ్లరూ! ఆ పై గురువారమెళ్లండి. చందమామ సగమయ్యేసరికి పోటుకి జోరు తగ్గుద్ది. అప్పుడైనా మేట మీద కాదు, గట్టు మీదెయ్యండి."

చంద్రుణ్ణి పూజించకూడదని నేర్చుకున్నాం. అది సరైనదే. కానీ దాంతోపాటు చంద్రుణ్ణి చూడడం కూడా మానేశాం. కాలాలు తెలియడానికే దేవుడు దాన్ని అక్కడ పెట్టాడని ఆదివారం పిల్లలకు చెప్పేది నేనే. ఆవిడ మా వెక్కిరింతకు జడిసి నోరు విప్పకపోయి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఆవిడ చెప్పిన గురువారానికి మార్చుకున్న ప్రయాణం ఇంకా ముందుంది. మీరూ మాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఈ పసివాళ్లను నీళ్లనుంచి కాపాడు. నీ పేరు చెప్పుకుని మేము మా పెద్దల నోరు మూయకుండా చూడు. వాళ్లు జంకు లేకుండా మాట్లాడే ఇల్లు మాకూ, ఇది చదువుతున్న వీరికీ దయచెయ్యి. ఆమేన్.