మేస్త్రిగారి నాలుగో ఘనత

ఆ పేటలో మేస్త్రి అంటే ఒక్కరే. బస్సు డిపోలో ముప్పై ఆరేళ్లు రేకు పని, వెల్డింగు పని చేసి రిటైరైన మనిషి. చదివింది పల్లెటూరి బడిలో, అదీ ఐదో తరగతి దాకానే. అయితేనేం, గీత గీస్తే గీతే, కొలత చెబితే కొలతే. పెద్ద చదువుల ఇంజనీర్లు కాగితాలు ముందేసుకుని తల గోక్కుంటుంటే, ఈయన రేకు మీద వేలితో నాలుగుసార్లు కొట్టి, చప్పుడు విని, ఎక్కడ పలచబడిందో చెప్పేసేవాడు. ఇది ఒకరిద్దరి మాట కాదు, డిపో మొత్తం ఒప్పుకున్న మాట.

ఇంటికి ఎవరొచ్చినా సరే, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేలోపు మేస్త్రి ఘనతలు నాలుగూ వినాల్సిందే. మొదటిది, పదిహేడో ఏట తాను చదివిన బడికే ఇనప గేటు చేసి పెట్టడం. ఆ గేటు ఈనాటికీ కిర్రుమనలేదు. రెండోది, కాలవలో పడి నుజ్జునుజ్జయిన బస్సును పందొమ్మిది రోజుల్లో మళ్లీ రోడ్డెక్కించడం. మూడోది, ఎడమ చేతికి కట్టు ఉండగానే, ఒంటి చేత్తో లారీ తొట్టి మొత్తం అతకడం.

నాలుగోదానికి వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి లేచేవాడు. ఎందుకంటే దానికి గోడ మీద సాక్ష్యం ఉంది. అద్దం బిగించిన ప్రశంసాపత్రం, కింద డిపో మేనేజరు సంతకం. బస్సుల మడ్‌గార్డులకూ వాటిని మోసే బ్రాకెట్లకూ మధ్య పూర్వం రబ్బరు బిళ్లలుండేవి. ఆర్నెల్లకోసారి అరిగేవి, మార్చేవాళ్లు, మళ్లీ అరిగేవి. మేస్త్రి ఆ బిళ్లలన్నీ పీకి పారేసి, అరవై నాలుగు బస్సులకూ మడ్‌గార్డును బ్రాకెట్టుకు నేరుగా వెల్డింగు చేసేశాడు.

"రబ్బరు పీడ వదిలించింది నేనే!" అని ముగించేవాడు.

"నాలుగూ అయ్యాయా బావా? ఇక అన్నం తిందామా?" అనేవాడు బావమరిది. కళ్లద్దాల దుకాణం నడిపే ఈ బావమరిదికి వేళాకోళమే ఊపిరి.

రిటైరయ్యాక మేస్త్రి పెరటి షెడ్డులో కారు కట్టడం మొదలుపెట్టాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, కూర్చుంటే రోడ్డు చేతికందేంత కిందికి ఉంటుంది. ఇంజను తుక్కులో పడున్న చిన్న వ్యానుది. చట్రం తన చేత్తో అతికింది. పక్క సీటుకు కొలత తీసింది భార్య ఒడ్డూ పొడుగూ చూసి. ఆ సీట్ల తొడుగులు కుట్టింది కూడా ఆవిడే. దళసరి రెక్సిను మీద ఏడు సూదులు విరగ్గొట్టుకుని మరీ కుట్టింది. తొమ్మిదేళ్లు పట్టింది. రవాణా ఆఫీసువాళ్లు వచ్చి, తిప్పి చూసి, నంబరిచ్చి వెళ్లిన రోజున మేస్త్రి కాళ్లు నేల మీద ఆనలేదు.

"పదవే, తిప్పుకొస్తా" అన్నాడు భార్యతో.

ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఎక్కింది. ముందు చక్రాల మీద సైకిలుకుండేటువంటి వంపు మడ్‌గార్డులు రెండు. చక్రంతో పాటే తిరుగుతాయి, చక్రంతో పాటే ఎగురుతాయి. ఒక్కోదాన్ని రెండేసి ఇనప బ్రాకెట్లు మోస్తాయి, అతుకంతా నేరుగా వెల్డింగే. మూడో కిలోమీటరు దాటగానే ఎడమ పక్క బ్రాకెట్లు రెండూ టపటపమని విరిగాయి. మడ్‌గార్డు గాల్లోకి లేచి, రోడ్డు మీద దొర్లి, గుంటలో పడింది. రాత్రి కురిసిన వాన నీళ్లు రోడ్డంతా ఉన్నాయి. ఆ బురదంతా చక్రం చిమ్మి ఆవిడ నెత్తిన పోసింది.

కారాగింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, దిగి, వెనక్కి తిరిగి నడవసాగింది.

"ఆగవే! చిన్న ముక్క విరిగిందంతే!"

"తిప్పుతారనుకున్నాను, ముంచుతారనుకోలేదు" అంది ఆవిడ, తిరిగైనా చూడకుండా.

విరిగిన బ్రాకెట్టు మేస్త్రికి కొత్త కాదు. పలచనైతే విరుగుతుంది, మందమైతే నిలుస్తుంది. ముప్పై ఆరేళ్లుగా ఆయనకు తెలిసిన సూత్రం అదే. బ్రాకెట్లకు మూడు మిల్లీమీటర్ల ఇనప పట్టీ తీసి ఆరు మిల్లీమీటర్లది వేశాడు. ఈసారి భార్యను పిలవలేదు. ఆవిడ బరువుకు సరిపడా ఇసక గోనెసంచిలో నింపి, పక్క సీట్లో కూర్చోబెట్టి, రోజూ పొద్దున్నే తిరిగొచ్చేవాడు.

బావమరిది ఊరుకుంటాడా? వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాడు.

"అక్కా! బావ పక్కన ఎవరినో ఎక్కించుకుని తిరుగుతున్నాడు. మనిషి కాస్త లావే గానీ, ఒక్క మాట ఎదురు చెప్పదట!"

"అదృష్టవంతురాలు. బురద పడ్డా దులుపుకోనక్కర్లేదు" అంది అక్క.

పదిహేను రోజులకు ఆ పట్టీ కూడా విరిగింది. సరిగ్గా వెల్డింగు అంచునే, కత్తితో కోసినట్టు. మేస్త్రి పళ్లు కొరికి, దళసరి గొట్టం తెచ్చి మూడో జత బ్రాకెట్లు చేశాడు. అవి ఏనుగు ఎక్కినా వంగవు. నిజంగానే వంగలేదు. ఈసారి మడ్‌గార్డు రేకే చిరిగింది. బ్రాకెట్లు కారుకే ఉన్నాయి, ఒక్కోదాని కొసన అరచేయంత రేకు ముక్క మిగిలింది, మిగతా మడ్‌గార్డు రోడ్డు పాలైంది.

ఆ సాయంత్రం భార్య షెడ్డులోకొచ్చి, తిరగేసిన డబ్బా మీద మెల్లగా కూర్చుంది. మోకాళ్లు రెండూ చేతులతో నొక్కుకుంది.

"ఈసారి రేకు కూడా మందం పెంచేస్తాలే" అన్నాడు మేస్త్రి.

"మందం సంగతి నేనడిగానా? ఎందుకు విరుగుతోంది?"

"రోడ్లు అట్లా ఉన్నాయి."

"మిగతావాళ్ల కార్లు ఏ రోడ్డు మీద పోతున్నాయి మరి?"

మేస్త్రి విరిగిన రేకు ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"ఇదిగో, చెప్తున్నా వినండి. ఎందుకు విరిగిందో నాకర్థమయ్యేట్టు చెప్పండి, ఎక్కుతాను. 'గట్టిగా చేశాను, ఎక్కవే' అంటే మాత్రం ఎక్కను. తొందరగా తేల్చండి. మీ కారేమో నేలకంటుకుని ఉంది, నా మోకాళ్లేమో రోజురోజుకీ మొండికేస్తున్నాయి. వచ్చే ఏడాదికి ఆ సీట్లోకి దిగడం నా వల్ల కాదు."

ఆవిడ లేవడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. అది చూశాక మేస్త్రికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తొమ్మిదేళ్ల పాటు కట్టింది, గోనెసంచిని తిప్పడానికా?

మర్నాడు విరిగిన ముక్కలన్నీ గుడ్డలో మూటగట్టి, కొత్త రేకొకటి చంకన పెట్టుకుని డిపోకు వెళ్లాడు. అక్కడ దళసరి రేకు వంచే పెద్ద యంత్రం ఉంది. ఇప్పటి ఫోర్‌మన్ ఒకప్పుడు మేస్త్రి కిందే పని నేర్చుకున్నవాడు. తాటిచెట్టంత మనిషి, అందరూ 'పొడుగు' అనే పిలుస్తారు. ఇప్పుడు తల సగం నెరిసింది. మేస్త్రిని చూడగానే లేచి, తన కుర్చీ తుడిచి వేశాడు.

మేస్త్రి కూర్చోలేదు. "ఈ రేకు కాస్త వంచి పెట్టరా. వెల్డింగు నేను చూసుకుంటా" అన్నాడు.

పొడుగు మూట విప్పాడు. ముక్కలు ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూశాడు. విరిగిన అంచు మీద బొటనవేలు రాశాడు.

"ఏంట్రా, అట్లా చూస్తున్నావ్? నా వెల్డింగులో వంకుందా?"

"మీ వెల్డింగుకు వంకేంటి మేస్త్రిగారూ! అది చెక్కుచెదరలేదు. దాని పక్కనే విరిగింది."

"మరి?"

పొడుగు మెడ రుద్దుకున్నాడు. "ఒకసారి బయటికి వస్తారా" అన్నాడు.

షెడ్డు బయట కడిగిన బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. పొడుగు ఒక పాత బస్సు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, జేబులోంచి మేకు తీసి, మడ్‌గార్డూ బ్రాకెట్టూ కలిసే చోట నల్లరంగు గీకాడు. రంగు కింద ఇనుము కనపడలేదు. మెత్తగా, నల్లగా, మేకు దిగబడే వస్తువు కనపడింది.

రబ్బరు.

మేస్త్రి వంగి వేలితో నొక్కి చూశాడు. పక్క బస్సు దగ్గరికి వెళ్లి తనే మేకుతో గీకాడు. రబ్బరే. ఆ పక్కదీ అంతే.

"ఎప్పట్నుంచి?"

"మీరు వెల్డింగు చేసిన రెండో ఏట నుంచే బ్రాకెట్లు చిట్లడం మొదలైంది. డ్రైవర్లు మొరటుగా తోలుతున్నారని మీరు కేకలేసేవాళ్లు, గుర్తుందా? వాళ్ల తప్పేం లేదు మేస్త్రిగారూ. చక్రం అదురుతుంది, ఆ అదురు ఎక్కడో ఒకచోట అణగాలి. అణిగే చోటు లేకపోతే ఇనుమునే కోస్తుంది. మనం ఎంత మందం వేస్తే ఆ పక్కనున్న పలచటి చోటు వెతుక్కుని కోస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ కాయితం మీద మేనేజరు సంతకం అప్పటికింకా పచ్చిగానే ఉంది" అని ఆగి, నేల చూస్తూ అన్నాడు పొడుగు. "మీరు సెలవు పెట్టినప్పుడల్లా రెండేసి బస్సులకు రబ్బరు పెట్టి, మీ కంటపడకుండా నల్లరంగు పూసేవాళ్లం. మీరు రిటైరయ్యేనాటికి అరవై నాలుగూ పూర్తయ్యాయి. రంగు పూసే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు. మాకు పని నేర్పిన మనిషి, మీ ముఖం చిన్నబోతే చూళ్లేమనుకున్నాం."

రిటైరయ్యేదాకా రోజూ పొద్దున ఆ బస్సుల పక్కనే నడిచి వెళ్లినవాడు మేస్త్రి. 'నా అతుకు చూడు, ఎట్లా నిలిచిందో' అని మనసులో మురిసినవాడు. కోపమొస్తుందేమో అని చూసుకున్నాడు. రాలేదు. అన్నేళ్లు, అంతమంది, ఒక్కరూ నోరు జారలేదంటే ఆ గౌరవాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

"రేకు వంచొద్దులే. రబ్బరు బిళ్లలుంటే ఒక పదహారు పడెయ్" అన్నాడు చివరికి.

"ప్రతి చోటా బోల్టు చుట్టూ చిన్న గొట్టం ముక్క కూడా పెట్టండి మేస్త్రిగారూ. లేకపోతే నట్టు రబ్బరును పిండేస్తుంది."

"నాకు నేర్పుతున్నావురా?" అన్నాడు మేస్త్రి. ఒక్క క్షణం ఆగి, "నేర్పు నేర్పు. ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

ఇంటికొచ్చి ముందుగా చేసిన పని, గోడ మీది పత్రం దించడం. అది ఉన్నచోట సున్నం కొత్తగా, తెల్లగా, పలకంత చదరం మిగిలింది. తర్వాత నాలుగు రోజులు షెడ్డులోంచి వెల్డింగు మెరుపు రాలేదు. డ్రిల్లు చప్పుడు, రంపం చప్పుడు, అంతే. మళ్లీ పలచటి పట్టీలే వేశాడు. కొత్త మడ్‌గార్డులను వాటికి అతకలేదు, రబ్బరు మధ్య బిగించాడు.

ఐదోరోజు భార్య ఆ తెల్ల చదరం కేసి చూసి షెడ్డులోకొచ్చింది.

"ఎందుకు విరిగిందో చెప్తాను, కూర్చో" అన్నాడు మేస్త్రి.

చెప్పాడు. చక్రం సంగతి, అదురు సంగతి, రబ్బరు సంగతి. డిపోలో నల్లరంగు కింద ఏం కనిపించిందో చెప్పేటప్పుడు మాత్రం చేతిలోని నట్టును తిప్పుతూనే ఉన్నాడు. "నేను పెద్ద ఘనకార్యం అనుకున్నదే పెద్ద తప్పు. మూడుసార్లు విరిగినా అదే తప్పు ఇంకా మందంగా చేశాను" అన్నాడు.

ఆవిడ వేళాకోళం చేస్తుందనుకున్నాడు. చెయ్యలేదు.

"చెయ్యి ఇట్లా ఇవ్వండి" అంది.

"ఎందుకు?"

"ఆ గోతిలోకి దిగొద్దూ మరి?"

గోనెసంచిని దించి గోడకు ఆనించారు. గేటు తీయడానికొచ్చిన బావమరిది దాన్ని చూసి, "పాపం, పుట్టింటికి పంపేస్తున్నావా బావా?" అన్నాడు. ఇద్దరూ పట్టించుకోలేదు.

మూడో కిలోమీటరు దగ్గర రోడ్డు మళ్లీ గతుకులమయం. కారు దడదడలాడింది. ఆవిడ సీటంచు గట్టిగా పట్టుకుని ముందుకు వంగి మడ్‌గార్డు కేసి చూసింది.

"ఏమండీ! అది ఊగుతోంది!"

"ఊగుతోందా?"

"అవును, చూడండి, చెవి కదిపినట్టు కదులుతోంది!"

"ఊగనీవే" అన్నాడు మేస్త్రి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఊగడం మానేస్తే చెప్పు, అప్పుడు ఆపుతాను."

ఆవిడ సీటంచు వదిలి వెనక్కి వాలింది. అదే గుంట, అవే నీళ్లు. చుక్క కూడా లోపల పడలేదు.

ఈరోజుకీ ఆ ఇంటికి ఎవరైనా వస్తే మేస్త్రి నాలుగు ఘనతలూ చెబుతాడు. నాలుగోదానికి ఇప్పటికీ లేచే నిలబడతాడు, కాకపోతే గోడ వైపు కాదు, పెరటి వైపు నడుస్తాడు. "మా పొడుగు అని ఒకడున్నాడు, వాడు నాకు నేర్పిన పని చూపిస్తా, రండి" అంటాడు.