పెట్టినాయన తినని శనక్కాయలు

కోట నుంచి నెల్లూరు వచ్చే బస్సులో పక్క సీటాయన తన సంచిలోంచి నా పిల్లలిద్దరికీ శనక్కాయలు పెట్టాడు. తను మాత్రం జేబులోని పొట్లంలోవి ఒలుచుకుంటున్నాడు.

శనక్కాయల మిల్లు యజమానట. అంతసేపూ గొప్పలే చెప్పాడు. కాయలు ఆరబెట్టే యంత్రాలు రెండు రకాలు చూసి ఒకటి కొన్నాడట.

“పిల్లలకు పెట్టినవి ఆ యంత్రంలోవేనా?” అన్నాను.

“అవునమ్మా. వెచ్చగాలి పెట్టెకైతే పూటంతా పడతాది. తిరిగే డ్రమ్ములో గంటకే పైతొక్క గలగలమంటాది. డ్రమ్మే కొన్నా.”

“లోపలి గింజ ఆరుతుందా?”

“యాడ ఆరతాది? బూజు పట్టినా పిండి కొట్టిస్తే తెలీదులే. బళ్ళో పిల్లోళ్ళకి పెట్టే ఉండలకే గదా పోయేది!”

“మరి మీ పొట్లంలోవి?”

“ఇవి మా మిద్దె మీద ఎండబెట్టినాయి,” అని నవ్వాడు.

పాప నోట్లో వేలు పెట్టి నమిలిందంతా తీశాను. ఆ ముద్దనూ ఇద్దరి చేతుల్లో మిగిలిన కాయలనూ అతని తెల్లచొక్కా మీదికే విసిరికొట్టాను.

“చదువుకున్నదానివి, ఇంత కోపమైతే ఎట్టమ్మా!” అన్నాడు చొక్కా దులుపుకుంటూ. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెద్దవాళ్ళు పెట్టింది కాదనకూడదన్నది మా ఇంటి మర్యాద. అయినా మర్నాడు పొద్దున బడికి పంపుతూ పిల్లలకు చెప్పాను: “ఎవరేం పెట్టినా, వాళ్ళు అందులోదే తిన్నాక తినండి. పంతులుగారైనా సరే.”