గుట్టమీది పండ్ల పాట

నా బిడ్డ నేర్చుకున్న మొదటి పాట మా అమ్మను ఎగతాళి చేసే పాట. నేర్పింది మా పెద్ద యారాలు, అంటే నా భర్త అన్నగారి భార్య. ఎల్లారెడ్డిలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా అమ్మ కామారెడ్డి నుంచి మనవరాలిని చూడటానికి వచ్చినప్పుడల్లా గంపెడు సీతాఫలాలు తెచ్చేది. కొని తెచ్చే స్తోమత ఆమెకు లేదు. పొద్దున్నే గుట్టెక్కి తానే కోసి, గడ్డిలో మాగబెట్టి తెచ్చేది.

పిల్లకు అప్పుడు నాలుగేళ్లు. మంచి గొంతు, ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. ఆ రోజు అమ్మ గంప దించి ఇంకా నీళ్లు కూడా తాగలేదు, పిల్ల చప్పట్లు కొడుతూ అందుకుంది.

“అమ్మమ్మ వచ్చిందో, గంప దించిందో
గంపల ఏమున్నయి? గుట్టమీది పండ్లు
గుట్ట ఎవలది? ఎవలదీ గాదు.”

ఇంట్లో అందరూ నవ్వారు. యారాలు మాత్రం ఏమీ ఎరగనట్టు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. అర్థం తెలియని పసిదాన్ని ఏమని కొట్టను? అమ్మ మొహం చిన్నబోయింది. వెంటనే నవ్వు తెచ్చుకుని, “మల్లొక్కపారి పాడు బిడ్డా” అంది. పిల్ల మళ్లీ పాడింది.

ఆ తర్వాత అమ్మ మా గడప తొక్కలేదు. కబురు పెడితే మోకాళ్ల నొప్పులంది. గుట్టలెక్కే మనిషికి మోకాళ్ల నొప్పులట.

పాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. గ్రామఫోను అయితే మూత వేసి పెట్టేదాన్ని. ఇది నా కడుపున పుట్టిన గొంతు. రోటి దగ్గర, బావి దగ్గర, జడ వేస్తున్నప్పుడు వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ యారాలి మీద పళ్లు నూరాను.

మరుసటి ఎండాకాలం యారాలి కొడుక్కి కామారెడ్డిలో, మా అమ్మ ఉండే వాడలోనే సంబంధం కుదిరింది. పెళ్లి భోజనాల దగ్గర ఆడపెళ్లివాళ్లు పాటల్లో మగపెళ్లివాళ్లను ఏకిపారేయడం మా ఆచారం. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే నలుగురిలో పరువు పోతుంది.

మా యారాలు శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. ఉండి, మధ్యాహ్నం కొట్టుగది తలుపేసుకుని సకినాలు తినేది. ఆ చప్పుడు నాకు ఏళ్లుగా తెలుసు. పెళ్లికి వారం ముందు పుట్టింటికి వెళ్లి, పెళ్లికూతురి మేనత్తకు ఆ సంగతి చెప్పాను. ఊరికే చెప్పలేదు, పాట కట్టి మరీ ఇచ్చాను.

పిలిచినా మా అమ్మ ఆ పెళ్లికి రాలేదు. వచ్చి వినాల్సింది. యారాలు విస్తరి ముందు కూర్చోగానే వాళ్లు ఎత్తుకున్నారు.

“ఒక్కపొద్దంటది పిలగాని తల్లి
కొట్టు తలుపేస్తది పిలగాని తల్లి
తలుపెనుక ఏంది? కరకర కరకర.”

పందిరంతా నవ్వింది. యారాలి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తలెత్తి నేరుగా నా వైపే చూసింది. నేను పప్పు కలుపుకుంటున్నాను. అంత రుచైన పప్పు మళ్లీ తినలేదు.

ఎల్లారెడ్డికి తిరిగి వస్తుంటే బస్సులో పిల్ల నాకూ యారాలికీ మధ్య కూర్చుంది. కరకర అనే మాట దానికి తెగ నచ్చింది. చప్పట్లు కొడుతూ కొత్త కోడలి ముందే ఆ పాట మొదలుపెట్టింది.

“ఇగ సాలు తియ్ బిడ్డా, గొంతు పోతది” అంది యారాలు. కోడలి మొహం చూడలేక కిటికీ వైపు తిరిగింది. నాకు జాలి కలగాలి. కలగలేదు.

పిల్లను ఒళ్లోకి లాక్కున్నాను.

“మల్లొక్కపారి పాడు బిడ్డా” అన్నాను.