ఏడిళ్ళ పొగ

కాబూల్‌కు పడమరన, బెహ్సూద్ కొండల్లో మాది ఏడిళ్ళ ఊరు. డేరాలతో ఊళ్ళు తిరిగే కూచీలు మందలతో కనుమ దిగుతున్నారని తెలిసిన రోజే ఆరిళ్ళవాళ్ళు తలుపులు ఊడబెరుక్కుని లారీకెత్తి వెళ్ళిపోయారు. ఇక్కడ కర్ర దొరకదు, తలుపు వదిలి ఎవరూ పోరు. ఆ ఖాళీ వాకిళ్ళలో గాలి ఒక్కోచోట ఒక్కో స్వరంతో మోగుతోంది. సీసా మూతి దగ్గర ఊదితే వచ్చే మోత లాంటిదే ఇదీ. కాలేజీలో చదువుకున్నాను. అయినా భయంతో పది నెలల పాపను చంక దింపలేకపోయాను.

మా అత్తయ్య గులందామ్ మాత్రం పిడకల గంపతో ఇల్లిల్లూ తిరుగుతోంది. పొగ లేచే ఇంటి చేలోకి కూచీలు మందను తోలరు, అది పాత కట్టుబాటు. అందుకే మనుషుల్లేని ఆరిళ్ళలోనూ తందూరు రాజేసింది.

"మధ్యాహ్నానికి మీ అబ్బాయి బండి తెస్తాడు. పోదాం అత్తయ్యా, పిల్లుంది."

"పోయొచ్చేసరికి చేలో ఏం మిగులుతుందో నీ సైన్సు చెప్పిందా? చలికాలం దానికేం పెడతావు, పుస్తకాలా?"

ఆమె చిన్నప్పుడు కూచీ ఖాన్ వస్తే వాళ్ళ నాన్న తన చాప ఇచ్చి వాకిట్లో నిలబడేవాడట. యుద్ధం మొదలయ్యాక మా హజారాల చేతికి తుపాకులొచ్చాయి. ఇరవై ఏళ్ళు ఒక్క డేరా కనుమ దాటలేదు. అక్కడ కాపలా కాసేవాళ్ళకు రొట్టెలు మోసింది అత్తయ్యే. తర్వాత కాబూల్ చేతులు మారింది, తుపాకులూ చేతులు మారాయి.

పాప ఉన్నట్టుండి వాకిటివైపు చూసి నవ్వింది. అక్కడ ఒక ముసలి కూచీ నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడే వినలేదు.

"ఏడిళ్ళలో పొగ," అన్నాడు. "ఒక్క కుక్కా మొరగలేదేం అక్కా?"

అత్తయ్య గంప దించలేదు. "అందరూ నిద్రపోతున్నారు, ఖాన్."

"ఇంత పొద్దెక్కాకా? హజారాలు ఇంత సోమరులెప్పుడయ్యారు?"

"మీరు రానన్నాళ్ళూ అలవాటైంది."

అతను పళ్ళులేని నోటితో నవ్వాడు. "ఆ ఏళ్ళలో మా ఒంటెలు పోయాయి. తర్వాత నా చెల్లెళ్ళిద్దరు. కింద ఇసకలోనే పాతిపెట్టాను. ఇక్కడి గడ్డి దొరికుంటే బతికేవాళ్ళు."

అత్తయ్య గంప దించింది.

"మా కుర్రాళ్ళకు కట్టుబాటు తెలీదు, తుపాకే తెలుసు. ఐదిళ్ళలో మనుషులున్నారని చెప్తాను. రెండు ఆర్పెయ్. ఒట్టిచేతులతో వెళ్తే నా మాట వినరు."

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

అత్తయ్య నీళ్ళ కడవ ఎత్తుకుని నావైపు తిరిగింది. "ఏవి?"

నాకు పాలు పడని వారంలో పాపకు పాలిచ్చింది సకీనా.

"సకీనా వాళ్ళది," అన్నాను. "దాని పక్కది."

మా ఇంటి ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

కాసేపటికి రెండు పొగలు తెల్లబడి ఆగిపోయాయి. కనుమ మీద మంద, ఎవరూ అదిలించకుండానే, ఆ రెండిళ్ళ చేలవైపు తిరిగింది.