మూసీకి ఎదురు పరుగు

నేను ఆబిడ్స్‌లో డ్యూటీకి చేరింది ఎండాకాలం చివర్లో. పోస్టు ఒక బట్టల దుకాణం గేటు. ఆయుధం లేదు. నీలం యూనిఫాం, ఒక విజిల్. అంతకుముందు సైన్యంలో ఉన్నాను, పోస్టు మంచుకొండల్లో. అక్కడ మంచుకు ఎడమ కాలి రెండు వేళ్లు పోయాయి. మిగిలిన పాదంలో స్పర్శ పోయింది. అక్కడ ఎలా ఉండేదని ఇంట్లో అడిగేవారు. చలిగా ఉండేదని చెప్పేవాణ్ని.

పరుగు మాత్రం మానలేదు. పొద్దున్నే నాంపల్లిలో మా ఇంటి నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా అఫ్జల్‌గంజ్ వంతెన దాకా. కింద మూసీ. ఒకరోజు అక్కడ నిలబడి అనుకున్నాను: ఈ నీళ్లకు ఎదురుగా, అనంతగిరి కొండల్లో నది పుట్టిన చోటు దాకా వెళ్లాలి. రోడ్డు వదిలి, ఒడ్డు వెంట, ఒక్కణ్నే.

"ఎందుకు?" అంది నా భార్య.

"తెల్వది."

మంచుకొండల్లో మా పోస్టులో రేడియో ఆపరేటర్‌గా చేసినవాడు ఇప్పుడు ఆబిడ్స్‌లో ఫోన్లు బాగుచేస్తాడు. ఈ పరుగుకు కంట్రోల్ రూం అతనే, ఎక్కడున్నానో ఫోన్‌లో అతనికి చెప్పాలి.

"నొచ్చినా నీ కాలు నీకు చెప్పదు," అన్నాడు. "ఆగినప్పుడల్లా బూటు ఇప్పి కండ్లతోని చూడాలె."

"ఔ."

సామాను: వీపుకు చిన్న సంచి, నీళ్లు, పల్లీపట్టీలు, రెండు జతల సాక్సులు, టార్చి.

మొదటి రోజు ముసురు. నగరం దాటేదాకా బురద, ప్లాస్టిక్, నురగ. సాయంత్రానికి గండిపేట. రెండో రోజు నల్లరేగడి. బూట్లకు మట్టి అంటుకుని కాళ్లు బరువెక్కాయి. ఒక బడి వరండాలో పడుకున్నాను. ఆనందం లేదు, దిగులూ లేదు. కాళ్లు కదులుతున్నాయి, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నవ్?"

"వాగు ఒడ్డున. నీళ్లు పెరుగుతున్నయ్."

"కాలు చూసినవా?"

"పొద్దున చూసిన. దాటినంక మల్ల చూస్త."

చెక్‌డ్యాం సిమెంటు కట్ట మీదుగా దాటాను. అవతల గడ్డి కోస్తున్న ఒక ఆమె కొడవలి పడేసి అరిచింది.

"ఓ అన్నా, ఆగు! నీ కాలుకెల్లి నెత్తురు పోతున్నది!"

వెనక్కి చూశాను. తడి కట్ట మీద కుడి అడుగులు మట్టి రంగు. ఎడమవి ఎరుపు. తుమ్మ ముల్లు బూటు అడుగును చీల్చుకుని పాదంలోకి దిగింది. ఎప్పుడు దిగిందో తెలియదు. ఆమే నన్ను కూర్చోబెట్టింది. బూటు లాగి, ముల్లు తీసి, కొంగు చింపి కట్టింది.

ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకెంత దూరం?"

"కొండ కనవడ్తున్నది."

"కనవడనీ. రైలెక్కు. గిది ఆర్డర్."

కొండ వైపు కాసేపు చూసి, రోడ్డు వైపు కుంటుకుంటూ నడిచాను. ఒక ఆటో వికారాబాద్ స్టేషన్ దాకా తీసుకెళ్లింది.

నాంపల్లి ప్లాట్‌ఫాం మీద నా భార్య, ఆపరేటర్ నిలబడి ఉన్నారు. ఇద్దరూ నా ముఖం చూడలేదు, కాలు చూశారు.

"నొస్తున్నదా?" అంది ఆమె.

"లేదు."

దవాఖానలో కొన్నాళ్లు ఉంచారు. కాలు దక్కింది. మళ్లీ గేటు దగ్గర డ్యూటీ. ఇప్పుడు స్టూలు వేశారు.

నది పుట్టిన చోటు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. మంచుకొండలు కూడా అంతగా గుర్తుకు రావు. గుర్తొచ్చేది ఒక్కటే. ముల్లు లాగేటప్పుడు నేను ఊరికే చూస్తున్నాను. ఆ గడ్డి కోసే ఆమె మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి, "అమ్మా" అంది.